ఏంజెల్ ద్వీపమున విచారణ

శాన్ ఫ్రాన్సిస్కో అఖాతమునందలి ఏంజెల్ ఐలండ్ అను దీవిలో, 1910 మొదలు 1940 వరకును, పసిఫిక్ సముద్రము దాటి వచ్చిన పరదేశీయులను, అందునను విశేషించి చీనా దేశీయులను, అమెరికా ఇమ్మిగ్రేషన్ అధికారులు నిర్బంధించి, లోనికి రానిచ్చుటయో, ఓడ కంపెనీ ఖర్చుతో వెనుకకు పంపుటయో తేల్చుచుండిరి.

1882 నాటి చట్టము చీనా కూలివారికి వాకిలి మూసివైచెను. వర్తకులు మున్నగు కొందరికిని, అమెరికా పౌరుల సంతానమునకును మాత్రము సందు మిగిలెను. అంతలో 1906 నాటి భూకంపమును, దానివెంట చెలరేగిన మంటలును నగరపు రికార్డులను భస్మము గావింపగా, తాము అచ్చటనే పుట్టితిమనువారిని కాదనుటకు ఆధారము లేకపోయెను. అట్లు పౌరులైనవారిలో కొందరు, స్వదేశమునకు పోయివచ్చినపుడెల్ల కొడుకు కలిగెనని వ్రాయించి, ఆ లేని కొడుకు స్థానమును అన్యులకు విక్రయించిరి. ఇట్లు కాగితముమీది కొడుకులు బయలుదేరిరి.

వారిని పట్టుటకై అధికారులు తండ్రిని వేరుగను, కొడుకును వేరుగను కూర్చుండబెట్టి, మీ యింటికి మెట్లెన్ని, బియ్యము నిలువయుంచు తావేది, మీ వీధిలో మూడవ యిల్లెవరిదని గ్రుచ్చి గ్రుచ్చి యడిగి, జవాబులను సరిపోల్చుచుండిరి. ఇందలి చోద్యమేమన, ఈ పరీక్ష తూచినది సత్యమును గాదు, పొందికను. ఏండ్ల క్రిందట విడిచిన యింటి మెట్లను తండ్రి యైదనియు కొడుకు ఆరనియు చెప్పినచో నిజమైన రక్తసంబంధము సైతము సందేహమున బడుచుండగా, ప్రశ్నోత్తరముల ప్రతిని వల్లెవేసి, రేవు చేరకమున్నే దానిని సముద్రమున విసరివైచినవాడు గట్టెక్కుటయు కలదు. అబద్ధమాడవలసినవాడే అన్నిటికిని సిద్ధపడి వచ్చును గదా! పాఠము మరచినవానికి వంటశాలలోని చీనావారు రహస్యముగ చీటీలందించుటయు పరిపాటియే.

తీర్పు వచ్చువరకు కొందరు వారములు, కొందరు నెలలు అచ్చట పడియుండి, తమ దుఃఖమును కొయ్యగోడలపై పద్యములుగా చెక్కిరి. పాడుపడిన ఆ కట్టడమును కూల్చనున్న కాలమున, 1970లో, అలెగ్జాండర్ వైస్ అను పార్కు ఉద్యోగి ఆ పద్యముల విలువను గుర్తించుటచే అది నిలిచినది.

మనవారును, ముఖ్యముగా పంజాబీలు, ఆ దీవిని చూచిరి. వీరికి మెట్ల లెక్కతో పనిలేదు. ప్రభుత్వమునకు భారమగుదురను ఒక్క సాకుతోనే పలువురను త్రిప్పిపంపిరి.

చీనావారిపై నిషేధము 1943లో తొలగెను. 1956లో, నిజమొప్పుకొన్నవారు తమ పత్రములను చక్కబరచుకొనుటకు ప్రభుత్వమొక మార్గము చూపినను, ఒకడు నోరు విప్పినచో ఆ కాగితపు కుటుంబమున చేరినవారందరి గుట్టును బయల్పడునని జంకి, పెక్కురు కొన్న యింటిపేర్లతోనే కాలము వెళ్లబుచ్చిరి.