గ్రాఫిక్స్ కార్డుకు గీటురాయి

బంగారము కొనువారు వర్తకుని మాటనే నమ్మి ఊరకుండరు. గీటురాయిపై గీయించి చూతురు. బియ్యము కొనువారు గుప్పెడు గింజలు అరచేతిలో పోసికొని చూతురు. కాని వేలకు వేలు పోసి కంప్యూటరు కొనునపుడు మాత్రము మనము పెట్టెమీది చీటీని చదివి తృప్తిపడుచున్నాము. గ్రాఫిక్స్ కార్డు విషయమున ఈ ఏమరుపాటు తగదు. కంప్యూటరు భాగములలో తరచు మిక్కిలి ఖరీదైనది అదియే. వాడిన సరుకుగా చేతులు మారునదియు అదియే.

తెరపై కనబడు ప్రతి బొమ్మను, ప్రతి అక్షరమును లెక్కగట్టి అందించునది గ్రాఫిక్స్ చిప్పు. అది విడిగా ఒక కార్డుపై ఉండవచ్చును, లేదా ప్రధాన ప్రాసెసరులోనే ఇమిడి యుండవచ్చును. ఇమిడి యున్నది సాధారణముగా కంప్యూటరు మెమరీలోనే వాటా పుచ్చుకొనును. మన యింటి యంత్రములో ఏది యున్నదో తెలిసికొనుటకు పెట్టె విప్పనక్కరలేదు. విండోస్ కల కంప్యూటరులో విండోస్ మీటను, ఆర్ అక్షరమును కలిపి నొక్కి, డి, ఎక్స్, డి, ఐ, ఎ, జి అను ఆరు ఆంగ్లాక్షరములు టైపు చేసి ఎంటర్ నొక్కినచో ఒక పట్టిక తెరచుకొనును. అందు డిస్‌ప్లే అను భాగమున కార్డు పేరు, మెమరీ, డ్రైవరు వివరములు ఉండును. లినక్స్ వాడువారికి ఎల్, ఎస్, పి, సి, ఐ అను ఆజ్ఞ ఇట్టి సమాచారమునే యిచ్చును.

అయితే ఆ పేరు ఎచ్చటినుండి వచ్చినది? ప్రతి కార్డును తన తయారీదారు సంఖ్యను, నమూనా సంఖ్యను తనలో దాచుకొని యుండును. ఇంటెల్ వారి సంఖ్య 8086. అది 1978లో వారు వెలువరించిన ప్రఖ్యాత ప్రాసెసరు పేరే. ఇట్టి సంఖ్యలను చూచియే కంప్యూటరు పేరు చెప్పును. మోసగాండ్రు పాత కార్డులోని బయాస్ అను ప్రోగ్రామును తిరుగవ్రాసి, దానిచేత కొత్త పేరు పలికింతురు. అప్పుడు కంప్యూటరు కూడ అబద్ధమునే వల్లించును.

ఇచ్చట అక్కరకు వచ్చునది టెక్‌పవర్‌అప్ వారు ఉచితముగా ఇచ్చు జీపీయూ-జెడ్ అను చిన్న ప్రోగ్రాము. చిప్పు పేరు, మెమరీ రకము, పరిమాణము, లోపలి విభాగముల సంఖ్య ఒక్క పుటలో చూపును. సెన్సార్స్ అను రెండవ పుటలో వేడిమి, పంకా వేగము కనబడును. పేరు మార్చిన నకిలీ ఎన్విడియా కార్డులు పెక్కింటిని పసిగట్టి, పేరునకు ముందు ‘ఫేక్’ అని చూపు శక్తి దీనికి 2018లో చేకూరినది.

అంకెల విలువ 2025 ఫిబ్రవరిలో లోకమునకు తెలిసివచ్చినది. ఎన్విడియా ఆర్.టి.ఎక్స్. 5090 కార్డులో చిత్రపు చుక్కలను తుదిగా మెమరీలో చేర్చు ఆర్.ఓ.పి. విభాగములు 176 ఉండవలెను. కొందరి కార్డులలో జీపీయూ-జెడ్ 168 మాత్రమే చూపినది. అవి నకిలీవి కావు, కొత్తవే. పైకి లోపమేమియు కనబడదు. ఎన్విడియా వారు లోపమును అంగీకరించి, అట్టివి అర శాతము కన్న తక్కువనియు, వేగము సగటున 4 శాతము తగ్గుననియు, కార్డు తయారీదారును అడిగి మార్చుకొనవచ్చుననియు ప్రకటించిరి. అంకెను చూచినవారు అడుగగలిగిరి. చూడనివారికి అడుగవలెనను తలపే రాదు.

చదువునపుడు కొన్ని జాగ్రత్తలు అవసరము. కార్డు ఊరక యున్నపుడు విద్యుత్తు పొదుపునకై బస్ వేగము తగ్గించుకొనును. తక్కువ అంకె చూచి కలవరపడరాదు. ఆ వరుస పక్కనున్న ప్రశ్నార్థకమును నొక్కి, కార్డుకు పని పెట్టి చూడవలెను. ల్యాప్‌టాపులో రెండు చిప్పులున్నచో, అడుగున నున్న జాబితాలో కావలసినదానిని ఎంచుకొనవలెను. లుకప్ అను మీట నొక్కినచో ఆ నమూనాకు ఉండవలసిన లెక్కలు వచ్చును; రెంటిని పోల్చి చూచుటయే అసలు పరీక్ష.

ప్రోగ్రామును తయారుచేసినవారి స్థానమునుండియే తెచ్చుకొనవలెను. పేరు పోలిన దొంగ ప్రోగ్రాములు హానికరములు. వాడిన కార్డు కొనువారు సొమ్ము చెల్లింపకమునుపే, అమ్మువాని యెదుటనే ఈ పరీక్ష జరుపుట మేలు. అయిదు నిమిషముల పని; ఖర్చు కాసంతయు లేదు.