టార్క్ కన్వర్టర్ కొంటున్నారా? స్టాల్ నంబర్ ఒక్కటే చూసి ఆర్డర్ పెట్టొద్దు

ఫోన్ బాక్స్ మీద 6000 ఎంఏహెచ్ అని ఉంటే, ఆ బ్యాటరీ మీ చేతిలో ఉన్నా నా చేతిలో ఉన్నా 6000 ఎంఏహెచ్చే. కార్ పార్టుల్లో అన్నీ అలా ఉండవు. ఆఫ్టర్‌మార్కెట్ టార్క్ కన్వర్టర్ల లిస్టింగుల్లో "3200 స్టాల్", "4000 స్టాల్" అని పెద్ద అక్షరాలతో ఒక నంబర్ కనిపిస్తుంది చూశారా? అది నిజానికి ఆ పార్ట్ స్పెక్ కాదు. ఆ పార్ట్ మీ ఇంజిన్‌తో కలిశాక వచ్చే రిజల్ట్. అందుకే ఒకే కన్వర్టర్ ఒకడి కారులో సూపర్‌గా, ఇంకొకడి కారులో చెత్తగా పనిచేస్తుంది.

గాడ్జెట్ సైట్‌లో ఈ కార్ల గోలేంటి అనుకోకండి. ఎంఎస్‌కి టెక్సాస్ వచ్చి, ఉద్యోగం రాగానే సెకండ్ హ్యాండ్ వీ8 కొన్న మనవాళ్లు నాకు తెలిసే నలుగురున్నారు. నేనుండేది డాలస్ దగ్గర. నా రూమ్మేట్ దగ్గర 2002 షెవ్రొలే కమారో జెడ్28 ఉంది. ఎల్ఎస్1 ఇంజిన్, 4ఎల్60ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. వారమంతా ఆఫీసుకి అదే కారు. వీలు దొరికితే ఎన్నిస్‌లో ఉన్న టెక్సాస్ మోటార్‌ప్లెక్స్ డ్రాగ్ స్ట్రిప్‌కీ అదే కారు. రెండో కారు లేదు, ఇక్కడ బస్సూ లేదు. అంటే ఈ సెలక్షన్ తేడా కొడితే సోమవారం ఆఫీసుకి వెళ్లడమే కష్టం. "మామా, 4000 వేసేద్దాం రా, లాంచ్ అదిరిపోద్ది" అని వాడు. నేను ఎక్సెల్ ఓపెన్ చేశా.

ముందు బేసిక్స్ త్వరగా చూసేద్దాం. మన ఊళ్లో మారుతి బ్రెజా ఆటోమేటిక్‌లో కూడా ఉండేది టార్క్ కన్వర్టరే. మాన్యువల్ కారులో క్లచ్ ఉండే చోట ఇందులో నూనె పనిచేస్తుంది. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి ఆన్ చేస్తే, ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది కదా, అదే సూత్రం. ఇంజిన్ వైపు ఫ్యాన్ ఇంపెల్లర్, గేర్‌బాక్స్ వైపు ఫ్యాన్ టర్బైన్. మధ్యలో ఉండే స్టేటర్, తిరిగొచ్చే నూనెని మళ్లీ సరైన దిశకి మళ్లించి, కారు కదిలే మొదటి క్షణాల్లో టార్క్‌ని దాదాపు రెట్టింపు చేస్తుంది. అదే అసలు మ్యాజిక్.

టర్బైన్ కదలకుండా ఆపి ఫుల్ థ్రాటిల్ ఇస్తే ఇంజిన్ ఏ ఆర్‌పీఎం దాకా వెళ్లి ఆగిపోతుందో, అదే స్టాల్ స్పీడ్. కంపెనీ ఇచ్చిన కన్వర్టర్ ఈ కారులో సుమారు 1800 దగ్గర ఆగుతుంది. ఎల్ఎస్1 పీక్ టార్క్ ఏమో 4000 దగ్గర: 340 పౌండ్-ఫీట్, అంటే దాదాపు 460 న్యూటన్ మీటర్లు. గ్రీన్ లైట్ పడగానే ఇంజిన్ ఇంకా నిద్రమత్తులో ఉన్న ఆర్‌పీఎంలో కారు కదులుతోందన్నమాట. స్టాల్ పెంచితే ఇంజిన్ నేరుగా దమ్మున్న చోటి నుంచే మొదలవుతుంది. పెద్ద క్యామ్ వేసిన ఇంజిన్‌కైతే ఇది ఇంకా అవసరం, దాని పవర్ మొదలయ్యేదే పైన కాబట్టి.

ఇప్పుడు ఎక్సెల్ సంగతి. ప్రతి కన్వర్టర్‌కి కే-ఫ్యాక్టర్ అని ఒకటి ఉంటుంది. స్టాల్ ఆర్‌పీఎంని, అప్పుడు ఇంజిన్ ఇస్తున్న టార్క్ వర్గమూలంతో భాగిస్తే వచ్చేదే అది. ఇంజిన్ 320 పౌండ్-ఫీట్ ఇస్తుండగా 3200 దగ్గర స్టాల్ అయ్యే కన్వర్టర్ తీసుకుందాం. 320 వర్గమూలం 17.9, సో కే దాదాపు 179. ఇదే పార్ట్‌ని 250 పౌండ్-ఫీట్ ఇచ్చే చిన్న ఇంజిన్ వెనక పెడితే స్టాల్ 2830. సూపర్‌చార్జర్ వేసి 480 ఇచ్చే ఇంజిన్ వెనక పెడితే 3900 పైనే. పార్ట్ మారలేదు, "3200" అన్న స్టిక్కరూ మారలేదు. ఇక్కడ వాడాల్సింది బ్రోచర్‌లోని పీక్ టార్క్ కాదు, ఆ స్టాల్ ఆర్‌పీఎం దగ్గర ఉండే టార్క్. చాలామంది పీక్ నంబర్ పెట్టి లెక్క చెడగొడతారు.

ఈ ఫార్ములా ఇంకో అపోహ కూడా తీర్చేస్తుంది. "3200 స్టాల్ అంటే 3200 దాటేదాకా కారు కదలదు" అని చాలామంది అంటారు. కాదు. సిగ్నల్ దగ్గర నుంచి మామూలుగా, ఇంజిన్ 80 పౌండ్-ఫీట్ ఇస్తూ బయల్దేరితే లెక్క 1600 దగ్గర తేలుతుంది. ఒరిజినల్ కన్వర్టర్ కంటే కాస్త లూజ్‌గా అనిపిస్తుంది, అంతే. అలాగే కొత్తది వేయించాక బ్రేక్ నొక్కి టెస్ట్ చేసి, "2400కే వెనక టైర్లు తిరిగిపోతున్నాయి, నన్ను మోసం చేశారు" అనేవాళ్లూ ఉంటారు. బ్రేకులు కారుని అంతసేపు పట్టి ఉంచలేవు. కదులుతూ ఒక్కసారిగా ఫుల్ థ్రాటిల్ ఇచ్చినప్పుడు టాకోమీటర్ ఎగిరి ఆగే నంబర్ ఫ్లాష్ స్టాల్. దీని మీద కారు బరువు, వెనక యాక్సిల్ గేర్ రేషియో కూడా ప్రభావం చూపిస్తాయి. తేలికైన కారు త్వరగా కదిలిపోతుంది కాబట్టి అంత ఎత్తుకి ఎగరదు.

మరి 4000 ఎందుకు వద్దన్నాను? వేడి. కన్వర్టర్ జారిన ప్రతిసారీ ఆ తేడా అంతా నూనెలో వేడిగా మారుతుంది. ఫోన్ వేడెక్కితే థ్రాట్లింగ్ చేసుకుని తనని తాను కాపాడుకుంటుంది. పాత ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కి అంత తెలివి లేదు, లోపల క్లచ్‌లు మాడ్చుకుంటుంది. ట్రాన్స్‌మిషన్ మెకానిక్‌లు చెప్పే మోటు లెక్క ఒకటుంది: నూనె 80 డిగ్రీల సెల్సియస్ దాటాక ప్రతి 11 డిగ్రీలకీ దాని ఆయుష్షు సగానికి పడిపోతుంది. జులైలో డాలస్ ట్రాఫిక్ ఎలా ఉంటుందో ఇక్కడున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. ఇంకో ఫ్రెండ్ ఒక షాప్ వాళ్ల మాట నమ్మి హై స్టాల్ వేయించుకున్నాడు. అదనపు కూలర్ గురించి వాళ్లు ఒక్క ముక్క చెప్పలేదు. కొన్ని నెలలకి నూనె గోధుమరంగులోకి మారి మాడిన వాసన, ఆ తర్వాత గేర్‌బాక్స్ రీబిల్డ్. బిల్లు అతని రెండు నెలల రెంట్. కూలర్, టెంపరేచర్ గేజ్ ఖర్చు కన్వర్టర్ బడ్జెట్‌లోనే కలిపి చూడండి. అవి లేకపోతే నేను పార్ట్ కొనొద్దనే అంటాను.

రోజూ నడిపే కారుకి లాకప్ క్లచ్ తప్పనిసరి. హైవే మీద ఇది ఇంపెల్లర్‌నీ టర్బైన్‌నీ కలిపి బిగించేస్తుంది, స్లిప్ సున్నా. 3.23 యాక్సిల్, 0.70 టాప్ గేర్, 26 అంగుళాల టైర్ ఉన్న కారు 70 మైళ్ల స్పీడ్‌లో తిరిగేది దాదాపు 2050 ఆర్‌పీఎం. హై స్టాల్ కన్వర్టర్ లాకప్ లేకుండా ఆ ఆర్‌పీఎంలో గంటసేపు జారుతూ పోతే మైలేజీ పోతుంది, నూనె ఉడుకుతుంది. డ్రాగ్ కార్లలో ఫేమస్ అయిన పవర్‌గ్లైడ్, టర్బో 400 గేర్‌బాక్స్‌లకి అసలు లాకప్ ఉండదు, వాటి లోకం వేరు. ఇంకో మాట: సింగిల్ డిస్క్ లాకప్‌ని ఫుల్ థ్రాటిల్‌లో ఎంగేజ్ చేయొద్దు, అది క్రూజింగ్ కోసమే. దానికి మల్టీ డిస్క్ వెర్షన్లు ఉంటాయి, రేటు కూడా అలాగే ఉంటుంది.

ట్రాక్ చివర్లో మీ కన్వర్టర్ ఎంత జారుతోందో మీరే లెక్కేసుకోవచ్చు. స్పీడ్‌ని యాక్సిల్ రేషియోతో, 336తో గుణించి, టైర్ ఎత్తు అంగుళాలతో భాగించండి. గంటకు 106 మైళ్ల దగ్గర, 1:1 గేర్‌లో, ఈ కారుకి వచ్చేది 4425. టాకోమీటర్ 4750 చూపిస్తే స్లిప్ దాదాపు 7 శాతం. ఇలాంటి కారుకి అది బాగున్నట్టే. పది దాటితే మాత్రం లాంచ్‌లో సంపాదించింది ఫినిష్ లైన్ దగ్గర పోగొట్టుకుంటున్నట్టు. చవక కన్వర్టర్లు బయటపడేది సరిగ్గా ఇక్కడే. స్టాల్ నంబర్ అందరూ ఇస్తారు, పైన గట్టిగా పట్టుకునేలా తయారుచేయడమే కష్టం.

స్టాల్ టార్క్ రేషియో గురించి కూడా అడగండి. టార్క్‌ని ఎన్ని రెట్లు చేస్తుందో చెప్పే నంబర్ అది. ఎక్కువ ఉంటే మంచిదే అనిపిస్తుంది కానీ, మామూలు స్ట్రీట్ టైర్ల మీద అది పొగ తప్ప ఇంకేం ఇవ్వదు. పైగా 4ఎల్60ఈ మరీ గట్టి గేర్‌బాక్స్ ఏం కాదు.

ధరల సంగతికొస్తే, చవక రకాలు మూడు నాలుగు వందల డాలర్ల నుంచి దొరుకుతాయి. మీ కారు వివరాలు తీసుకుని లాకప్‌తో తయారుచేసిచ్చేవి వెయ్యి డాలర్ల చుట్టూ ఉంటాయి. నేను రెండో రకానికే ఓటేస్తా. హ్యూస్టన్ వైపు సర్కిల్ డి లాంటి బిల్డర్లు బరువు, క్యామ్, యాక్సిల్ రేషియో, టైర్ సైజ్, ఎంత శాతం రోడ్డు మీద ఎంత ట్రాక్ మీద అని ఫారం నింపమంటారు. అబద్ధం చెప్పకుండా నింపండి. నెలకోసారి ట్రాక్‌కి వెళ్లేవాడు "50 శాతం రేసింగ్" అని రాస్తే వచ్చే పార్ట్ కూడా అలాగే ఉంటుంది. స్టాల్ నచ్చకపోతే విప్పి మార్చిచ్చే కంపెనీలు కొన్ని ఉన్నాయి, కొనేముందే ఆ పాలసీ అడగండి. సెకండ్ హ్యాండ్‌లో చూస్తుంటే ఇంకో జాగ్రత్త: 1998 నుంచి వచ్చిన ఎల్ఎస్ ఇంజిన్ల 4ఎల్60ఈకీ, అంతకుముందు వాటికీ కన్వర్టర్ ఒకటి కాదు.

చివరికి మావాడు ఆర్డర్ పెట్టింది 3200, లాకప్‌తో, తక్కువ టార్క్ రేషియోతో. "రేపు క్యామ్ వేస్తే?" అని అలిగాడు. వేస్తే ఆ 3200 ఎలాగూ మారుతుంది, అప్పుడు మళ్లీ ఎక్సెల్ తీద్దాం అన్నా. ఇంకా ఫిట్ చేయలేదు, బాక్స్ మా హాల్లో టీవీ పక్కనే ఉంది. ఫిట్టింగ్ రోజు చూడాల్సింది మూడే. లోపల ఒక క్వార్ట్, అంటే దాదాపు లీటర్ నూనె ముందే పోయాలి. గేర్‌బాక్స్ పంప్‌లోకి పూర్తిగా దిగేదాకా తిప్పుతూ నెట్టాలి. ఇంజిన్‌కి బిగించాక ఫ్లెక్స్‌ప్లేట్‌కీ కన్వర్టర్‌కీ మధ్య 3 నుంచి 5 మిల్లీమీటర్ల గ్యాప్ ఉందో లేదో కొలవాలి. గ్యాప్ లేకుండా బోల్టులతో లాగి బిగించారంటే మొదటి స్టార్ట్‌కే పంప్ పోతుంది. ఆ తర్వాత ట్యూనర్‌తో లాకప్ ఏ స్పీడ్‌లో పడాలో మార్పించాలి, ఫ్యాక్టరీ సెట్టింగ్ పాత కన్వర్టర్ కోసం రాసింది కాబట్టి.