నల్దుర్గం దారి

ఒక పెద్ద దేశం పక్కనున్న చిన్న దేశం మీదికి సైన్యాన్ని నడిపించిందని పత్రికలో చదివినప్పుడల్లా, న్యాయం ఎవరి వైపున వున్నదని మన యిళ్ళలో వాదన సాగుతుంది. అటువంటి దండయాత్ర ఒకటి మన షోలాపూరు నుంచే బయలుదేరిందన్న సంగతి మన పిల్లలలో చాలామందికి తెలియదు. యిది జరిగి 75 ఏళ్ళు దాటింది గనుక, చూసిన పెద్దలు దాదాపుగా వెళ్ళిపోయారు గనుక, తెలిసినంతమేరకు చెప్పడం మా విధి అనుకుంటున్నాము.

1948లో షోలాపూరు బొంబాయి రాష్ట్రానిది. తూర్పున కొద్ది దూరం పోతే నైజాము సరిహద్దు. తుల్జాపూరు, నల్దుర్గం ఆవలివి. 82 వేల చదరపు మైళ్ళ విస్తీర్ణం, కోటి అరవై లక్షల జనాభా, సొంత నాణెం, సొంత రైలు, సొంత సైన్యం వున్న ఆ రాజ్యం 1947 ఆగస్టు తరువాత ఇండియాలో చేరలేదు. చుట్టూ ఇండియాయే. 1947 నవంబరు 29న ఏడాదిపాటు యథాతథ ఒప్పందం కుదిరినా, దానిని మీరే ఉల్లంఘించారంటే మీరేనని రెండు పక్షాలూ ఆరోపించుకున్నవి. కాశిం రజ్వీ నాయకత్వాన రజాకార్లు పల్లెల మీద పడ్డారు. 1948 మే 22న గంగాపూరు స్టేషనులో రైలు మీద దాడి జరిగింది. ప్రాణభయంతో జనం మూటాముల్లెతో సరిహద్దు దాటి వచ్చారు. అటు నైజాము ప్రభుత్వం తన మొరను ఐక్యరాజ్య సమితి దాకా తీసుకుపోయింది.

పటంలో అది పొరుగు రాజ్యం. కాని సాఖర్ పేట, భద్రావతి పేట, దాజీ పేటలలో మగ్గాలు పెట్టుకున్న మనవాళ్ళకు అది పుట్టినిల్లు. కరువు తరిమితేనో, పని వెదుక్కుంటూనో కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు జిల్లాలనుంచి తరతరాలుగా వచ్చినవాళ్ళం కదా! మేనత్తలు అక్కడ, మేనకోడళ్ళు యిక్కడ. అందుచేత ఆ యుద్ధం మనకు రెండు దేశాల తగవుగా మాత్రమే వుండడానికి వీలు లేకపోయింది.

1948 సెప్టెంబరు 13 తెల్లవారుజామున మేజర్ జనరల్ జె. ఎన్. చౌధురి సైన్యం షోలాపూరు వైపునుంచి సరిహద్దు దాటింది. యివతలివారి ప్రధాన దళం అదే. తూర్పున బెజవాడ వైపునుంచి మరొకటి కదిలింది. నల్దుర్గం దగ్గర బోరీ నది మీది వంతెనను అవతలివారు కూల్చకముందే చేజిక్కించుకోవడంతో దారి తెరుచుకున్నది. 17వ తేదీన నైజాము కాల్పుల విరమణ ప్రకటించాడు. మరునాడు ఆయన సేనాధిపతి ఎల్ ఎద్రూస్ చౌధురికి లొంగిపోయాడు. సుమారు 300 కిలోమీటర్ల దారి, అయిదు రోజుల పని.

టాంకులూ విమానాలూ పాల్గొన్న దానిని ప్రభుత్వం 'పోలీసు చర్య' అన్నది. యుద్ధమంటే ఎదుటివాడిని వేరే దేశంగా ఒప్పుకున్నట్టే గదా! బలవంతుడికి పేరు పెట్టే హక్కు కూడా వుంటుంది. అయినా ఆనాడు మనవాళ్ళకు కలిగిన ఊరటను మేము తక్కువ చేయము. రజాకార్ల భయం తీరింది, దారి తెరిచింది, అయినవాళ్ళ క్షేమసమాచారాలు అందే వీలు కలిగింది. ఆ ఊరట నిజమైనదే.

చెప్పకుండా మిగిలిపోయిన భాగం యింకొకటి వున్నది. సైన్యం వెనువెంట దోపిడీ, హత్యలు, స్త్రీల అపహరణలు జరిగినవన్న వార్తల మీద ప్రధాని నెహ్రూ, పండిత సుందరలాల్, కాజీ అబ్దుల్ గఫార్ గార్లను పంపించారు. ఆ సంఘం 16 జిల్లాలలో తొమ్మిది తిరిగి చూసింది. తక్కువలో తక్కువగా 27 వేలనుంచి 40 వేలమంది మరణించి వుంటారని అంచనా వేసింది. చనిపోయినవారిలో అత్యధికులు ముస్లిములు. అందరికన్న ఎక్కువ దెబ్బతిన్నవి ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు. సైన్యం వెళ్ళిన దారి పక్కవే వాటిలో కొన్ని. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. 2013లో గాని మామూలు చదువరికి అందలేదు.

అందులో మన ఊరి పేరు వున్నది. షోలాపూరునుంచి, మరికొన్ని పట్టణాలనుంచి ఆయుధాలతో వెళ్ళినవారు ఆ దురాగతాలలో పాల్గొన్న జాడలు కనిపించాయని ఆ పెద్దలు వ్రాశారు. 1931 జనవరి 12న మల్లప్ప ధనశెట్టి, జగన్నాథ శిందే, శ్రీకిషన్ సారడా, కుర్బాన్ హుస్సేన్ ఒకే కారణానికి ఉరికంబమెక్కిన ఊరు మనది. అటువంటి ఊరికి యిది తలవంపు. తలవంపు అయినంత మాత్రాన దాచుకోదగినది కాదు.

అదే నివేదికలో యింకొక మాట కూడా వున్నది. కొన్ని చోట్ల హిందూ నేతగాళ్ళు ముస్లిం నేతగాళ్ళకు అడ్డు నిలిచి, తమ మతంవారినే ఎదిరించి కాపాడారట. కొందరు ఆ ప్రయత్నంలో ప్రాణాలే పోగొట్టుకున్నారట. వాళ్ళు ఎవరో, ఏ ఊరివాళ్ళో మన పిల్లలకు చెప్పేందుకు పేర్లు లేవు. ఒకే సంతలో నూలు కొన్నవాళ్ళు, ఒకే షావుకారుకు బాకీ పడ్డవాళ్ళు అయివుంటారని మనబోటివాళ్ళు వూహించుకోగలరు. పక్క మగ్గంవాడి కష్టం తెలిసినవాడికి అతని మీద చెయ్యి లేవదు.

అయిదు రోజుల్లో ముగిసిందన్న ఆ వ్యవహారం తెలంగాణా పల్లెలలో అంత త్వరగా ముగియలేదు. కమ్యూనిస్టు రైతు దళాల మీద సైనిక చర్య 1951 దాకా సాగింది. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం మూడు ముక్కలయింది. ఉస్మానాబాదు మన పక్క జిల్లాగా మన రాష్ట్రంలోనే కలిసింది. దానిపేరు యిప్పుడు ధారాశివ్. మన పుట్టినూళ్ళు మాత్రం వేరే రాష్ట్రానివయినవి.

యీనాడు తుల్జాపూరు అమ్మవారి దర్శనానికి వెళ్ళేవారికి సరిహద్దు జాడ కూడా కనబడదు. యీసారి పిల్లలను వెంటబెట్టుకుని హైదరాబాదు వెళ్ళేటప్పుడు నల్దుర్గంలో కాసేపు ఆగండి. కోట చూపించండి, బోరీ నది చూపించండి. సైన్యం యిటునుంచే వెళ్ళిందని చెప్పండి. దాని వెనుక ఎవరెవరు వెళ్ళారో అదీ చెప్పండి. చివరకు ఆ పేరు తెలియని నేతగాళ్ళ సంగతి చెప్పడం మరవకండి.