రెప్ప వాలితే బండి పసిగట్టేస్తుంది.. పాలమూరు, నల్లగొండ హైవేలపై ‘కునుకు అలారం’ ఎంతవరకు పనికొస్తుంది?

2013 అక్టోబర్ 30, తెల్లవారుజామున ఐదు గంటల ప్రాంతం. బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ప్రైవేటు వోల్వో బస్సు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా కొత్తకోట దగ్గర పాలెం వద్ద ముందు వెళ్తున్న కారును దాటబోయి కల్వర్టును తాకింది. క్షణాల్లో మంటలు. 45 మంది సజీవ దహనం.

2018 ఆగస్టు 29, ఉదయం ఆరు దాటింది. నార్కట్‌పల్లి-అద్దంకి రోడ్డులో నల్లగొండ దగ్గర అన్నెపర్తి వద్ద నందమూరి హరికృష్ణ స్వయంగా నడుపుతున్న కారు అదుపు తప్పి పల్టీలు కొట్టింది. నీళ్ల సీసా కోసం అటు తిరిగిన క్షణంలోనే ఇది జరిగిందని అప్పట్లో వార్తలొచ్చాయి. ఆయన సీటు బెల్టు పెట్టుకోలేదు. 2024 ఫిబ్రవరి 23న పటాన్‌చెరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డుపై కంటోన్మెంట్ ఎమ్మెల్యే లాస్య నందిత మరణించిన ప్రమాదం కూడా తెల్లవారుజామునే. డ్రైవర్ నిద్రమత్తే కారణమని పోలీసులు ప్రాథమికంగా అంచనా వేశారు.

ఈ మూడింటికీ కారణం ఒకటే అని చెప్పలేం. ఒకచోట ఓవర్‌టేక్, ఒకచోట చూపు మళ్లడం, ఇంకోచోట కునుకు. కానీ టైం చూడండి.. మూడూ తెల్లవారుజాము నుంచి పొద్దు పొడిచేలోపే. మనిషి ఒంట్లో ఉండే గడియారం ప్రకారం రాత్రి రెండు నుంచి ఉదయం ఆరు మధ్య మెదడు చురుకుదనం బాగా పడిపోతుంది. మధ్యాహ్నం భోజనం తర్వాత కూడా కొంచెం తగ్గుతుంది. బెంగళూరులో రాత్రి బయల్దేరిన బస్సు పాలమూరు జిల్లాలోకి వచ్చేది సరిగ్గా ఆ గంటల్లోనే. విజయవాడ నుంచి అర్ధరాత్రి దాటాక బయల్దేరితే సూర్యాపేట, నకిరేకల్ దగ్గరికి వచ్చేదీ అప్పుడే.

అందుకే డ్రైవర్ కళ్లను కనిపెట్టి చూసే కెమెరా గురించి ఇప్పుడు ఇంత చర్చ.

తాగితే మీటర్ ఉంది.. నిద్రకు లేదు

మద్యం తాగి నడిపితే బ్రీత్ అనలైజర్ ఉంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. నిద్రకు అలాంటి మీటర్ ఏదీ లేదు. 17 నుంచి 19 గంటలు ఏకధాటిగా మెలకువగా ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్నవాడి పనితీరుతో సమానంగా గానీ అంతకన్నా అధ్వానంగా గానీ ఉంటుందని 2000 సంవత్సరంలో వచ్చిన ఒక ప్రసిద్ధ అధ్యయనం తేల్చింది. అంటే మన చట్టం పెట్టిన గీత కన్నా ఎక్కువే. పొద్దున్న ఆరింటికి లేచి, పగలంతా ఆఫీసులో పనిచేసి, రాత్రి పదింటికి సంక్రాంతికి ఊరెళ్దామని సొంత కారు తీసేవాళ్లు చౌటుప్పల్ దాటేసరికే ఆ లెక్కలోకి వచ్చేస్తారు. వాళ్ల నోట్లో గొట్టం పెట్టి ఊదమంటే మాత్రం సున్నా చూపిస్తుంది!

రికార్డుల్లోనూ నిద్ర కనిపించదు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఏటా ఇచ్చే నివేదికలో అతివేగం, మద్యం, రాంగ్ రూట్, సెల్‌ఫోన్, సిగ్నల్ దాటడం అని గళ్లుంటాయి. అలసటకు విడిగా గడి లేదు. 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోతే అందులో 71 శాతానికి పైగా అతివేగం ఖాతాలోనే పడ్డాయి. నిద్రలోకి జారిన డ్రైవర్ బ్రేక్ వేయడు కదా.. గుద్దిన తీరు చూస్తే అది అతివేగంలాగే ఉంటుంది. డ్రైవర్ బతికితే తానే ఒప్పుకోవాలి, చనిపోతే చెప్పేవాళ్లే లేరు.

కెమెరా ఏం చూస్తుంది?

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. బండిలో ‘ఏఐ కెమెరా’ అనగానే అన్నీ ఒకటే అనుకుంటారు. నిజానికి ఒకటి రోడ్డును చూసేది, రెండోది డ్రైవర్‌ను చూసేది.

మన ఆర్టీసీలో వచ్చింది ప్రధానంగా మొదటి రకం. ఇంటెల్, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, సీఎస్ఐఆర్-సీఆర్ఆర్ఐ తదితర సంస్థల ‘ఐరాస్తే’ ప్రాజెక్టు ముందు 2021లో నాగ్‌పూర్‌లో మొదలై, తర్వాత తెలంగాణకు వచ్చింది. హైవేలపై తిరిగే 200 ఆర్టీసీ బస్సులకు ఈ పరికరాలు బిగించారు. ముందున్న బండికి మరీ దగ్గరైనా, ఎవరైనా అడ్డం వచ్చినా, లైన్ దాటినా డ్రైవర్‌ను హెచ్చరిస్తుంది. హెచ్చరికలు పదేపదే ఎక్కడ వస్తున్నాయో చూసి, ఇంకా ప్రమాదం జరగకపోయినా జరిగే అవకాశమున్న చోట్లను ‘గ్రే స్పాట్లు’గా గుర్తించడం దీంట్లో మంచి ఆలోచన. బ్లాక్ స్పాట్ కావాలంటే ముందు శవాలు లేవాలి.. గ్రే స్పాట్‌కు ఆ అవసరం లేదు.

రెండో రకం డ్రైవర్ ముఖాన్ని చూస్తుంది. స్టీరింగ్ వెనకో, డ్యాష్‌బోర్డు మీదో చిన్న కెమెరా, పక్కనే కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ లైట్లు. అందుకే చిమ్మచీకట్లో కూడా, చాలా రకాల చలువ కళ్లద్దాల వెనక కూడా కళ్లు దానికి కనిపిస్తాయి. రెప్ప ఎన్నిసార్లు పడింది అన్నది కాదు, పడిన రెప్ప ఎంతసేపు లేవలేదు అన్నది ముఖ్యం. ఒక నిమిషంలో కనుపాప 80 శాతం, అంతకు మించి మూసుకుపోయి ఉన్న సమయం ఎంతో లెక్క కడుతుంది. దీన్ని ‘పెర్‌క్లోస్’ అంటారు, 1990ల నుంచి వాడుకలో ఉన్న కొలత. దీనికి ఆవలింతలు, తల వాలడం, చూపు ఎటుందన్నది కలుపుతుంది.

కార్లలో ఇంకో చవకైన దారి ఉంది. కెమెరా లేకుండా స్టీరింగ్‌ను గమనించడం. మెలకువగా ఉన్న మనిషి స్టీరింగ్‌ను తనకు తెలియకుండానే చిన్నచిన్నగా సరిదిద్దుకుంటూ ఉంటాడు. మత్తు వస్తే కాసేపు ఏమీ కదపడు, తర్వాత ఉలిక్కిపడి ఒక్కసారిగా తిప్పుతాడు. ఈ తేడాను పట్టే పద్ధతిని మెర్సిడెస్ 2009లోనే తెచ్చింది. మన దగ్గర 2021లో వచ్చిన మహీంద్రా ఎక్స్‌యూవీ 700తో డ్రైవర్ మత్తును గుర్తించే ఫీచర్ పేరు మధ్యతరగతి ఇళ్లలోనూ వినపడింది.

చెవికి తగిలించుకుంటే తల వాలగానే మోగే బజర్లు కొన్ని వందల రూపాయలకు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. లారీ డ్రైవర్లు కొంతమంది వాడుతున్నారు. ఏమీ లేనిదానికన్నా నయమే గానీ, తల వాలిందంటే కునుకు అప్పటికే వచ్చేసినట్టు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్ల కునుకు అంటే దాదాపు 90 మీటర్లు ఎవరూ నడపకుండా వెళ్లిన బండి.

యూరప్‌లో ఈ లెక్కలను చట్టంలోకే తెచ్చారు. 2024 జూలై నుంచి అక్కడ అమ్మే ప్రతి కొత్త వాహనంలో మత్తు హెచ్చరిక ఉండాల్సిందే. చూపు మళ్లడానికీ హద్దు పెట్టారు.. 50 కిలోమీటర్ల వేగం దాటాక మూడున్నర సెకన్లకు మించి కళ్లు రోడ్డు వదిలి కింద ఫోన్ వైపు ఉంటే అలారం మోగాలి. అమెరికాలో ఇంకో అడుగు ముందుకేసి, తాగినవాడిని బండే గుర్తుపట్టి ఆపేలా నిబంధన తేవాలని 2021లో చట్టం చేశారు. 2024 నవంబర్ గడువు దాటిపోయినా ఆ నిబంధన రాలేదు.

మన దేశంలో 2025 మార్చిలో కేంద్రం ముసాయిదా ఇచ్చింది. ఎనిమిది మందికి మించి ప్రయాణికులను తీసుకెళ్లే బండ్లు, బస్సులు, లారీల్లో డ్రైవర్ మత్తు హెచ్చరిక, ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకింగ్, లేన్ హెచ్చరిక తప్పనిసరి చేయాలన్నది దాని సారాంశం. కొత్త మోడళ్లకు 2026 ఏప్రిల్, పాత మోడళ్లలో కొత్తగా తయారయ్యే బండ్లకు అదే ఏడాది అక్టోబర్ గడువుగా ప్రతిపాదించారు. ఇదంతా ఫ్యాక్టరీ నుంచి వచ్చే కొత్త బండ్లకే. మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం ఎత్తే పదేళ్ల నాటి లారీకి ఇది వర్తించదు. కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర 2025 అక్టోబర్ 24న హైదరాబాద్-బెంగళూరు బస్సు తగలబడ్డాక స్లీపర్ బస్సులపై కేంద్రం దృష్టి పెట్టింది. ఇప్పటికే తిరుగుతున్న స్లీపర్ బస్సులకు కూడా మంటలను పసిగట్టే పరికరాలతో పాటు డ్రైవర్ మత్తు సూచిక బిగించాలని 2026 జనవరిలో కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ ప్రకటించారు. చిన్నటేకూరులో బస్సు తగిలింది రోడ్డు మీద పడి ఉన్న బైక్‌కు. ఆ బైక్ నడిపిన వ్యక్తి తాగి ఉన్నట్టు ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. బస్సు డ్రైవర్ రెప్పలు చూసే కెమెరా దాన్ని ఆపేది కాదు, రోడ్డును చూసే కెమెరా ఉంటే కొంత ఆశ ఉండేది.

అలారం మోగింది.. తర్వాత?

ఏ కంపెనీ ప్రకటనలోనూ దీనికి జవాబు లేదు. మత్తుగా ఉన్న మనిషిని అలారం లేపుతుంది, కానీ ఆ మెలకువ కొద్ది నిమిషాలే. నిద్ర బాకీ అలాగే ఉంటుంది. అద్దం దించడం, పాటలు పెద్దగా పెట్టడం, ముఖం కడుక్కోవడం లాంటివి కాసేపే పనిచేస్తాయి. ఏపీలో పోలీసులు రాత్రిపూట బండ్లు ఆపి ‘స్టాప్, వాష్ అండ్ గో’ అంటూ డ్రైవర్ల ముఖం కడిగిస్తున్నారు. మంచి పనే, కాకపోతే దాని బలం తర్వాతి కొన్ని కిలోమీటర్ల వరకే. నిజంగా పనిచేసేది ఒక కాఫీ తాగి, 15-20 నిమిషాలు బండి ఆపి పడుకోవడం. కాఫీ ఒంటికి పట్టేలోపు కునుకు పూర్తవుతుంది.

ఆ ఇరవై నిమిషాలు డ్రైవర్ చేతిలో ఉన్నాయా? రోజుకు 8 గంటల పని, ఐదు గంటలకోసారి అరగంట విరామం అన్న నియమం 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టంలోనే ఉండేది. లోడు పొద్దున్నే దించకపోతే కిరాయి కోసుకునే చోట అలారం ఎన్నిసార్లు మోగినా డ్రైవర్ బండి ఆపడు. రెండో డ్రైవర్ లేని బస్సులో ఆపితే వెనక ప్రయాణికులే గొడవ చేస్తారు. అలారం రికార్డు యజమాని సెల్‌ఫోన్‌కు వెళ్లి, దాన్ని జీతంలో కోతకే వాడితే కెమెరా మీద గుడ్డ పడుతుంది, లేదంటే స్టిక్కర్. అదే రికార్డు డ్యూటీ చార్టు మార్చడానికి వాడితే డ్రైవర్లే దాన్ని అడుగుతారు.

టెక్నాలజీకి తన ఇబ్బందులూ ఉన్నాయి. లేన్ గీతలను ఆధారం చేసుకునే పరికరాలు గీతలు చెరిగిపోయిన చోట గుడ్డివే. గుంతలు తప్పించడానికి స్టీరింగ్ తిప్పితే మత్తు అనుకోవచ్చు. ఊరికే మోగే అలారాన్ని రెండు రోజుల్లో ఎవరైనా ఆపేస్తారు.

కారు ఉన్నవాళ్లు ఒకటి చూసుకోవాలి. డ్యాష్‌బోర్డు మీద కాఫీ కప్పు గుర్తు వచ్చిందంటే కారు మిమ్మల్ని ఆగమంటోంది. అయితే చాలా మోడళ్లలో ఇంజిన్ ఆపి, తలుపు తెరిచి మళ్లీ బయల్దేరితే ఆ లెక్క మొదటికొస్తుంది. నార్కట్‌పల్లి దగ్గర రెండు నిమిషాలు ఆగి టీ తాగి ఎక్కితే కారు మీరు విశ్రాంతి తీసుకున్నారనే అనుకుంటుంది. మళ్లీ హెచ్చరించడానికి దానికి ఇంకొంత దూరం పడుతుంది. మీ కారులో ఉన్నది స్టీరింగ్‌ను చూసేదా, ముఖాన్ని చూసేదా, ఏ వేగం దాటాక పనిచేస్తుంది అన్నది కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది.