జాప్యాన్ని తూచే తక్కెడ

పాఠ్యభాగ పరిచయం: సమాచార ప్రయాణంలో కలిగే ఆలస్యాన్ని కొలిచే సర్వర్‌ను ఎలా సిద్ధం చేయాలో, దాన్ని ఎలా కాపాడాలో ఈ వ్యాసం వివరిస్తుంది. కొలిచేవారికి సత్యనిష్ఠ, జాగరూకత రెండూ అవసరమని తెలియజేయడం దీని ఉద్దేశం.

మన పూర్వులు అహోరాత్రాన్ని 60 గడియలుగా విభజించారు. గడియకు 24 నిమిషాలు. అందులో 60వ వంతు విఘడియ, అంటే 24 సెకన్లు. అడుగున చిన్న రంధ్రమున్న గిన్నెను నీటిపై ఉంచి, అది మునిగే సమయాన్నిబట్టి గడియను లెక్కించేవారు. రంధ్రం ఏమాత్రం పెద్దదైనా ముహూర్తం తప్పేది. కాలాన్ని కొలిచే సాధనం ముందు తాను సరిగా ఉండాలన్న నీతి ఆ గిన్నెలోనే ఉంది. నేటి కంప్యూటర్ల ప్రపంచంలో విఘడియ సరే, రెప్పపాటు కూడా సుదీర్ఘకాలమే. అక్కడి కొలమానం మిల్లీ సెకను, అనగా సెకనులో వెయ్యో వంతు.

జాప్యం - స్వరూపం

శంషాబాదులోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం 2008 మార్చిలో ప్రారంభమైంది. మెహదీపట్నం నుండి ఆరాంఘర్ వరకు నిర్మించిన 11.6 కి.మీ. పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే 2009 అక్టోబరులో అందుబాటులోకి వచ్చింది. ఆ దారిన విమానాశ్రయానికి వెళ్లే ప్రయాణికుణ్ణి ఊహించండి. దూరానికి తగిన ప్రయాణకాలం అతనికి తప్పదు. బండిలోని సామాను దించుకోవడానికి కొంత సమయం, గుర్తింపు కార్డు చూపడానికి మరికొంత సమయం పడుతుంది. భద్రతా తనిఖీ దగ్గర వరుసలో నిలబడక తప్పదు.

నెట్‌వర్క్‌లో ప్రయాణించే సమాచారానికీ ఈ నాలుగు రకాల ఆలస్యాలూ ఉన్నాయి. సమాచారం చిన్న చిన్న ప్యాకెట్లుగా బయలుదేరుతుంది. తీగలో దూరం గడవడం, ప్యాకెట్ మొత్తాన్ని తీగమీదికి ఎక్కించడం, మార్గమధ్యంలోని రూటర్లు చిరునామాను పరిశీలించడం, రద్దీలో వరుసన వేచి ఉండడం - వీటి మొత్తమే జాప్యం. దారి వెడల్పు వేరు, ప్రయాణకాలం వేరు. రహదారిని ఎంత విశాలం చేసినా ఊళ్ల మధ్య దూరం తగ్గదు కదా!

గాజు తంతువులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. శంషాబాదు నుండి సుమారు 25 కి.మీ. దూరంలోని బేగంపేటకు ప్యాకెట్ నేరుగా వెళ్లి వస్తే, దూరంవల్ల కలిగే జాప్యం పావు మిల్లీ సెకను మాత్రమే. కాని ఆ రెండు చోట్ల సేవలందించే సంస్థలు నగరంలోనే సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకోకపోతే, అది 600 కి.మీ.కు పైబడిన ముంబయిదాకా వెళ్లి తిరిగి రావలసి ఉంటుంది. రానూ పోనూ సుమారు 2,400 కి.మీ., అంటే 12 మిల్లీ సెకన్లు. ఈ ద్రావిడ ప్రాణాయామాన్ని తప్పించడానికే 2003లో భారత జాతీయ ఇంటర్నెట్ ఎక్స్‌ఛేంజి ఏర్పడింది. దాని కేంద్రం హైదరాబాదులోనూ ఉంది. 2022 నవంబరులో అమెజాన్ సంస్థ హైదరాబాదు పేరిట తన డేటా సెంటర్ల సముదాయాన్ని ప్రారంభించింది. సర్వర్లు మన ముంగిటికి రావడంలోని ప్రయోజనాల్లో దూరం తగ్గడం ముఖ్యమైనది.

కొలత ఎందుకు?

శంషాబాదులోని ఒక జూనియర్ కళాశాలలో ఆన్‌లైన్ పరీక్ష జరుగుతున్నదనుకుందాం. జవాబు నొక్కిన చాలాసేపటికి గాని తెర మారడం లేదు. కంప్యూటర్లు పాతవని ఒకరు, కంపెనీ తీగ మంచిది కాదని ఒకరు, విద్యార్థులే ఆలస్యంగా నొక్కారని మరొకరు అంటారు. కొలత లేనిచోట బలవంతుడి మాటే నిజమవుతుంది, నష్టం మాత్రం విద్యార్థికి మిగులుతుంది. అందుచేత ఆ కళాశాలవారు ఒక కంప్యూటర్‌ను జాప్యం కొలిచే సర్వర్‌గా మార్చదలచారనుకుందాం. వారు చేయవలసిన పనులేమిటి?

సర్వర్‌ను సిద్ధం చేయడం

మొదట ఆ కంప్యూటర్‌ను ఈ ఒక్క పనికే కేటాయించాలి. దానిలో లినక్స్ వంటి ఆపరేటింగ్ సిస్టంను స్థాపించి, అక్కరలేని సేవలన్నిటినీ తొలగించాలి. వైఫైతో కాక తీగతో కలపాలి. మారని చిరునామా ఇవ్వాలి. విద్యుత్తు పొదుపుకోసం ప్రాసెసర్ మధ్యమధ్య కునుకు తీస్తే, ఆ మేలుకొనే కాలం కూడా జాప్యంలో కలిసిపోతుంది. కనుక ఆ సదుపాయాన్ని అదుపులో ఉంచాలి.

కొలవడానికి అందరికీ తెలిసిన సాధనం పింగ్. దీన్ని 1983 డిసెంబరులో అమెరికాకు చెందిన మైక్ మూస్ రచించాడు. జలాంతర్గాములను కనిపెట్టే సోనార్ ధ్వనిని బట్టి దానికి ఆ పేరు పెట్టాడు. కొండ ఎదుట నిలిచి కేకవేసి, ప్రతిధ్వనికోసం ఎదురుచూడడం వంటిదే ఇది. పంపిన వేళను, తిరిగి వచ్చిన వేళను ఒకే గడియారం చూస్తుంది కనుక, రానూ పోనూ పట్టిన కాలం సరిగానే తెలుస్తుంది.

పోవడానికి ఎంత, రావడానికి ఎంత అని విడివిడిగా తెలుసుకోవాలంటే చిక్కు మొదలవుతుంది. అప్పుడు రెండు గడియారాలు ఏకీభవించాలి. సర్వర్ గడియారం 5 మిల్లీ సెకన్లు వెనుకబడితే, 3 మిల్లీ సెకన్లలో చేరిన ప్యాకెట్ పంపకముందే చేరినట్లు లెక్క తేలుతుంది! అందుకే సర్వర్ తన కాలాన్ని ప్రామాణిక కాలంతో సరిచూసుకుంటూ ఉండాలి. భారత ప్రామాణిక కాలాన్ని నిర్వహించే బాధ్యత న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలది. ఆ కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం మన కాకినాడ సమీపంగానే పోతుంది.

ఒక్క కొలతను నమ్మరాదు. ఐదుసార్లు కొలిస్తే 8, 8, 9, 8, 67 మిల్లీ సెకన్లు వచ్చాయనుకుందాం. సగటు 20. కాని ఏ ఒక్క ప్యాకెట్టూ 20 మిల్లీ సెకన్ల దరిదాపుల్లో లేదు. కనిష్ఠ విలువ మార్గం నిడివిని, మధ్యస్థ విలువ నిత్యానుభవాన్ని, గరిష్ఠ విలువ రద్దీని సూచిస్తాయి. ఈ మూడింటినీ ప్రకటించడమే నిజాయితీ.

సర్వర్‌ను కాపాడడం

పిలిచినవారికల్లా పలకడం ఈ సర్వర్ ధర్మం. ఆ గుణమే దాని బలహీనత కూడా. దుర్మార్గుడొకడు ఇతరుల చిరునామాతో చిన్న ఉత్తరం వ్రాస్తే, పెద్ద జవాబు ఆ అమాయకుడి ఇంటిమీద పడుతుంది. సరిగా ఇలాగే 2014 ఫిబ్రవరిలో, కాలాన్ని తెలిపే వేలాది సర్వర్లను వాడుకొని, సెకనుకు సుమారు 400 గిగాబిట్ల దాడి జరిగింది. తమను ఇటీవల సంప్రదించినవారి జాబితాను అడిగినవారికల్లా ఇచ్చే ఒక ఆదేశాన్ని ఆ సర్వర్లలో తెరచి ఉంచడమే అందుకు కారణం. అడిగినదానికంటె జవాబు రెండువందల రెట్లకు పైగా పెద్దదయింది. వేళ చెప్పవలసిన యంత్రాలే ఆయుధాలయ్యాయి. కంచే చేను మేయడమంటే ఇదే.

కాబట్టి కొన్ని కట్టుబాట్లు అవసరం. జవాబు ఎన్నడూ ప్రశ్నకంటె పెద్దది కారాదు. ఒక్కొక్క చిరునామాకు సెకనుకు ఇన్ని జవాబులే అన్న పరిమితి విధించాలి. ఫైర్‌వాల్ ద్వారా కావలసిన ద్వారాలను మాత్రమే తెరచి, తక్కినవన్నీ మూయాలి. అయితే భయంతో పింగ్‌ను పూర్తిగా నిషేధిస్తే కొలత పని ఆగిపోతుంది. నిర్వాహకుడు పాస్‌వర్డుతో కాక రహస్య డిజిటల్ తాళంచెవితో, అదీ కళాశాల నెట్‌వర్క్ నుండే ప్రవేశించాలి. ఎప్పటికప్పుడు సాఫ్ట్‌వేర్ లోపాలను సవరించుకోవాలి. ఎవరు ఎప్పుడు వచ్చారో తెలిపే చిట్టాలను భద్రపరచాలి. భారత ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశాలు సంస్థలు ఇట్టి చిట్టాలను 180 రోజులు నిలువ ఉంచాలనీ, గడియారాలను ప్రామాణిక కాలంతో సరిచూసుకోవాలనీ నిర్దేశించాయి. కాలం తప్పిన చిట్టా సాక్ష్యానికి పనికిరాదు కదా!

ముగింపు

వర్తకుడు తక్కెడను సరిచూసుకోవడంతోనే సరిపోదు, పరులు దానిని ముట్టకుండా కాపాడుకోవాలి కూడా. జాప్యం కొలిచే సర్వర్‌కూ ఈ రెండే ధర్మాలు. గడియారం తప్పితే అది అబద్ధం చెబుతుంది. కావలి తప్పితే అపకారం చేస్తుంది. రెండూ నిలిచిననాడు, పరీక్ష వ్రాసే విద్యార్థి పక్షాన సాక్ష్యం పలకగలుగుతుంది.

కఠిన పదాలకు అర్థాలు

అహోరాత్రం = పగలు, రాత్రి
జాప్యం = ఆలస్యం
ద్రావిడ ప్రాణాయామం = సూటిగా కాక చుట్టు తిరిగి పని చేయడం
చిట్టా = రోజువారీ వివరాల పట్టిక
కావలి = కాపలా

ప్రశ్నలు

1. నెట్‌వర్క్ జాప్యానికి గల నాలుగు కారణాలను విమానాశ్రయ ప్రయాణంతో పోల్చి వివరించండి.
2. ఒకవైపు జాప్యాన్ని కొలవడానికి గడియారాలు ఏకీభవించడం ఎందుకు అవసరం?
3. ‘కంచే చేను మేయడం’ అన్న సామెతను రచయిత ఏ సందర్భంలో ఉపయోగించారు?