పిట్ట ఎగిరే వేళకు సిద్ధంగా

పాలపిట్ట కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు చూస్తే పెద్ద అందంగా ఏమీ కనబడదు. మట్టిరంగు రొమ్ము, లావు తల, బద్ధకంగా అటూ ఇటూ చూస్తూ ఉండిపోతుంది. అదే పిట్ట మిడతను చూసి కిందికి దూకినప్పుడు గమనించారా? రెక్కల్లోని లేత నీలం, ముదురు నీలం ఒక్కసారిగా విచ్చుకుంటాయి. మన తెలంగాణ రాష్ట్ర పక్షి సొగసంతా ఆ రెండు మూడు సెకన్లలోనే ఉన్నది. తీగ మీద మళ్లీ వాలగానే అది కాస్తా మూసుకుపోతుంది. ఆ క్షణాన్ని బొమ్మలో నిలపాలని ఎవరికైనా ఆశ పుడితే అందులో వింత లేదు.

ఆశ పుట్టడం సులువే, బొమ్మ రావడమే కష్టం. ఫోటో చూస్తే పిట్ట ఉండదు, ఖాళీ తీగ ఉంటుంది. లేదా ఒక మూలన తోక మాత్రం కనబడుతుంది. పిట్ట మొత్తం పడినా, పొగలాగా చెదిరిపోయి ఉంటుంది. దీనికి కారణం చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒక కొంగ గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకోండి. అంటే సెకనుకు 10 మీటర్లు. కెమెరా కన్ను సెకనులో 60వ వంతు తెరిచి ఉంటే ఆలోపల కొంగ దాదాపు 17 సెంటీమీటర్లు జరిగిపోతుంది. 1000వ వంతు మాత్రమే తెరిచి ఉంటే ఒక్క సెంటీమీటరే. కాబట్టి పెద్ద పక్షులకు 1000వ వంతు, చిన్న పిట్టలకు 2000వ వంతు లేదా ఇంకా తక్కువ సమయం పెట్టుకోవాలి. ఇంత తక్కువ సమయంలో కెమెరాలోకి పోయే వెలుతురు కూడా తక్కువే గనుక మబ్బు పట్టిన సాయంత్రాల్లో ఈ ప్రయత్నం దండగ.

ఈ సంగతిని మొట్టమొదట గట్టిగా పట్టుకున్న వారిలో ఎతియెన్ జూల్ మారే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఒకరు. ఆయన 1882లో అచ్చం తుపాకి వలె ఉండే కెమెరా ఒకటి తయారు చేశారు. గురిపెట్టి మీట నొక్కితే గుండు రాదు, సెకనుకు 12 బొమ్మలు వస్తాయి. పక్షి రెక్క ఎలా లేస్తుందో, ఎలా దిగుతుందో దానితో మనిషి కంటికి తెలిసింది. మన ప్రాంతంలో చాలాకాలం అసలు తుపాకే నడిచింది. కరీంనగర్, ఆదిలాబాద్ నిజాం రాజ్యంలో ఉన్న కాలాన, 1931-32లో సాలిం అలీ ఆ రాజ్యపు పక్షులను సర్వే చేశారు. అప్పటి పద్ధతి ప్రకారం పక్షిని కొట్టి, చర్మాన్ని భద్రపరచి, దాన్ని చూసే ఇది ఫలానా జాతి అని నిర్ధారణ చేసేవారు. ఇప్పుడు ఆ పని ఒక మంచి ఫోటో చేస్తున్నది, పక్షి తన దారిన తాను బ్రతికి పోతున్నది.

రీలు కెమెరాల కాలంలో 36 బొమ్మలతో రీలు అయిపోయేది. కడిగించి, ప్రింట్లు వేయించే ఖర్చు తలచుకుంటే పిట్టల జోలికి పోవడానికి చేయి వచ్చేది కాదు. నేటి ఫోన్లలో కూడా వరుసగా బొమ్మలు తీసే సదుపాయం చాలావాటికి ఉన్నది. కొత్తవారు దూరపు గద్దల వెంట పడకుండా, వరి పొలంలో ట్రాక్టరు బురద దున్నుతున్నప్పుడు వెంట నడిచే తెల్ల కొంగలతో మొదలుపెట్టడం మేలు. అవి మనిషిని లెక్కచేయవు, పది అడుగుల్లోనే లేచి వాలుతుంటాయి. కాకపోతే తెల్ల పక్షికి వెలుతురు కొంచెం తగ్గించుకోవాలి, లేకపోతే ఈకలన్నీ కలిసి సున్నం ముద్దలా వస్తాయి. ఆకాశం మీద నల్లగా కనబడే గద్దకు పెంచుకోవాలి.

సిద్ధంగా ఉండటమంటే చాలామంది వేలిని మీట మీద పెట్టుకోవడమే అనుకుంటారు. నా మట్టుకు అది చివరి పని. ఇంటి నుండి బయలుదేరేటప్పుడే కెమెరాను ఆనాటి వెలుతురుకు తగినట్టు పెట్టుకుని, మూత తీసి మెడలో వేసుకోవాలి. సంచిలో ఉన్న కెమెరాకు ఏ పిట్టా దొరకదు. తర్వాత పక్షి అలవాటు తెలియాలి. పాలపిట్ట, పసిరిక పిట్ట పురుగును పట్టుకుని తరచుగా లేచిన చోటికే తిరిగి వస్తాయి. అందుచేత ఎగిరిపోయినదాని వెంట కెమెరాను తిప్పనక్కరలేదు, ఆ కొమ్మ మీదనే చూపు నిలిపి ఉంచితే చాలు. నలుపు తెలుపు లకుముకి పిట్ట ఇంకా దయగలది. చెరువు నీళ్ల మీద ఒకేచోట రెక్కలాడిస్తూ గాలిలో నిలబడి, చేపను చూసి నిట్టనిలువుగా పడుతుంది. కొంగ లేవబోయే ముందు ఒళ్లు దగ్గరకు తీసుకుని ముందుకు వంగుతుంది. కొన్ని పక్షులు ఎగరబోతూ రెట్ట వేస్తాయి. చిన్నపిల్లలు నవ్వుతారు గాని, ఫోటో తీసేవానికి అది మంచి గుర్తు.

గాలి సంగతి కూడా చెప్పాలి. పక్షి సాధారణంగా గాలికి ఎదురుగా లేస్తుంది. చలికాలం ఉదయాన మన వైపు చాలా రోజులు గాలి ఈశాన్యం నుండి వీస్తుంది, సూర్యుడూ తూర్పునే ఉంటాడు. కరీంనగర్ దగ్గర దిగువ మానేరు జలాశయం గాని, మీ ఊరి చెరువు గాని, తూర్పు ఒడ్డున నిలబడి చూడండి. వెలుగూ గాలీ మీ వీపు మీద పడతాయి, నీళ్ల మీది పక్షి లేచిందంటే మీ వైపే ముఖం పెట్టి వస్తుంది. కడెం జలాశయం దగ్గర కూడా ఇదే కిటుకు పనిచేస్తుంది.

దసరా వచ్చిందంటే పాలపిట్టను చూడటం మన పొరుగువారికి శుభం. ఆ పేరు చెప్పి కొందరు పిట్టను పట్టి, రెక్కలు కట్టి పంజరంలో పెట్టి డబ్బుకు చూపిస్తారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. రెక్కలు కట్టిన పాలపిట్టలో చూడటానికి ఏముంటుంది? పొలంలో ఎగిరే పిట్ట ఫోటో ఒకటి పెద్దదిగా వేయించి ఊరి బడిలో పెడితే, ఆ తేడా పిల్లలకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక రాబందులు. పూర్వం పశువు చస్తే ఊరి బయట వేసేవారు, గంటల్లో ఎముకలు మిగిలేవి. తర్వాత అవి ఎటు పోయాయో తెలియకుండా పోయాయి. పశువుల నొప్పులకు వాడిన డైక్లోఫెనాక్ మందే కారణమని 2004లో తేలింది. మందు పడ్డ పశువు చనిపోతే, దాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడిపోతాయి. మన దేశంలో పొడుగు ముక్కు రాబందులు నూటికి 95కు పైగా పోయాయి. పశువులకు ఆ మందును 2006లో నిషేధించారు. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అనే మందులను 2023లో నిషేధించారు. మెలోక్సికామ్ అనే మందు రాబందులకు హాని చేయదు. ఎద్దుకు సూది వేయించేటప్పుడు ఆ పేరు చెప్పి అడగండి.

అటువంటి రాబందులు 2013లో పాత ఆదిలాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో, పెద్దవాగు ప్రాణహితలో కలిసే చోట, పాలరాపు గుట్ట బండల మీద గూళ్లు పెట్టుకుని కనబడ్డాయి. ఇప్పుడది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా. రెండు మీటర్ల రెక్కల పక్షి అంత దూరాన ఎగురుతుంటే ఏ జాతిదో మామూలు కంటికి తేలదు. ఫోటోలో రెక్క అడుగు భాగం కనబడితే పొడుగు ముక్కుదో, తెల్లవీపుదో చెప్పవచ్చు. రాలిన ఈకల సందులను బట్టి, నిన్న వచ్చినదీ ఈ రోజు వచ్చినదీ ఒకటేనా అన్నది కూడా కొంతవరకు పోల్చవచ్చు.

అయితే ఈ పక్షి ఏడాదికి ఒక్కటే గుడ్డు పెడుతుంది. చలికాలమంతా గూటి మీద ఉంటుంది. బెదిరి లేచిందంటే గుడ్డు చల్లబడుతుంది, లేదా పిల్లకు ఎండ కొడుతుంది. బొమ్మ కోసం రాయి విసరడం, కేకలు వేయడం, డ్రోన్ ఎగరేయడం ఎక్కడా చేయకూడని పనులు, అక్కడ మరీను. అటవీ శాఖ వారి అనుమతి తీసుకుని, వారు చూపిన చోటనే దూరంగా కూర్చోవాలి. తెల్లవారుజామున పరుగెత్తవలసిన పని కూడా లేదు. బండ వేడెక్కి గాలి పైకి లేస్తేనే గాని రాబందు రెక్క విప్పదు. తొమ్మిది దాటాక, నీళ్ల సీసా దగ్గర పెట్టుకుని గుట్ట అంచు వైపు చూస్తూ ఉండండి.