హైదరాబాదు పేరు మోసిన బాంబరు

మొదటి ప్రపంచయుద్ధం ముగింపుకు వస్తున్న 1918 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పట్టపగలు జర్మనీ పట్టణాలపై బాంబులు వేయడానికి వెళ్లిన బ్రిటిష్ విమానదళాల్లో 110వ స్క్వాడ్రన్ ఒకటి. అది నడిపిన విమానాల మీద, అవి హైదరాబాదు నిజాం బహూకరించినవని తెలిపే రాత ఉండేది. ఆ విమానం డీహెచ్ 9ఏ. ఇద్దరు కూర్చునే, ఒకే ఇంజనుతో నడిచే ఈ జంటరెక్కల విమానాన్ని తేలికపాటి బాంబరు అనేవారు; అంటే ఎక్కువ బరువు మోసుకుని నిదానంగా వెళ్లే భారీ బాంబరులా కాక, రెండు మూడు వందల కిలోల బాంబులతో ఎత్తున ఎగిరి, దారిలో శత్రువు అడ్డుపడితే తనంతట తానే పోరాడి తిరిగి రాగలిగినదని అర్థం. ఒక యుద్ధంలో రెండు నెలలు పనిచేయడానికి మాత్రమే సమయం దొరికిన ఈ యంత్రం ఆ తరువాత పన్నెండేళ్లకు పైగా సామ్రాజ్యపు పొలిమేరల్లో తిరిగింది. దాని అసలు యుద్ధచరిత్ర ఐరోపాలో కంటే అక్కడే ఎక్కువగా రాయబడింది.

దక్కను చరిత్రలో ఈ కానుకకు ఒక పూర్వరంగం ఉంది. ఈస్టిండియా కంపెనీతో సైన్యసహకార ఒడంబడిక చేసుకున్న రెండవ ఆసఫ్‌జా నిజాం అలీఖాన్, తన రాజ్యంలో నిలిపే కంపెనీ పటాలాల ఖర్చు కింద, మైసూరు యుద్ధాల వల్ల తన వాటాకు వచ్చిన సీమలను 1800లో కంపెనీకి వదులుకున్నాడు. నేటి డోన్, పత్తికొండ మొదలుకొని కడప, బళ్ళారి వరకు ఉన్న నేల దత్తమండలాలుగా మారింది ఆ లెక్కలోనే. 118 ఏళ్ల తరువాత, తుంగభద్రకు ఉత్తరాన అలంపురం, గద్వాల నిజాం ఏలుబడిలోనూ దక్షిణాన కర్నూలు, డోన్ మద్రాసు ప్రెసిడెన్సీలోనూ ఉన్న కాలంలో, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ అదే బ్రిటిష్ ప్రభుత్వానికి ఒక స్క్వాడ్రన్‌కు సరిపడా విమానాలు సమకూర్చాడు. బ్రిటిష్ ప్రభుత్వం 1918లో ఆయనకు ఇతర సంస్థానాధీశులెవరికీ లేని ‘ఎగ్జాల్టెడ్ హైనెస్’ హోదానూ, ‘నమ్మకమైన మిత్రుడు’ అన్న బిరుదునూ ఇచ్చింది. హైదరాబాదు అశ్వికదళం అప్పటికే పాలస్తీనా రంగంలో ఉంది. ఆ రాజ్యపు ఖజానాకు ప్రధానమైన ఆధారం భూమిశిస్తు గనుక, కానుక మీద రాసిన పేరు నిజాందే అయినా, ఆ రాబడి వెనుక తెలుగు, మరాఠీ, కన్నడ రైతుల కష్టం ఉందని మరవకూడదు.

డీహెచ్ 9ఏ ఒక వైఫల్యంలోంచి పుట్టింది. ఎయిర్‌కో సంస్థలో జెఫ్రీ డి హావిలాండ్ రూపొందించిన డీహెచ్ 4 మంచి బాంబరుగా పేరు తెచ్చుకున్నా, అందులో పైలట్‌కూ వెనుక కూర్చునే పరిశీలకుడికీ మధ్య పెద్ద పెట్రోలు ట్యాంకు ఉండడంవల్ల పోరాటవేళ ఒకరి మాట ఒకరికి అందేది కాదు. దారి చూడడం, ఫొటోలు తీయడం, వెనుకనుంచి వచ్చే శత్రువిమానాలపై కాల్పులు జరపడం పరిశీలకుడి పనులు కాబట్టి ఈ ఎడం ప్రాణాల మీదికి వచ్చేది. తరువాతి రూపమైన డీహెచ్ 9లో పైలట్‌ను వెనక్కి జరిపి ఇద్దరినీ దగ్గరగా కూర్చోబెట్టి ఈ లోపం సరిదిద్దారు. అయితే దానికి బిగించిన ప్యూమా ఇంజను 300 అశ్వశక్తి ఇస్తుందని ఆశిస్తే 230కి మించి ఇవ్వలేకపోయింది. అయిదు వేల మీటర్ల ఎత్తున గాలి సాంద్రత నేలమీద ఉన్నదానిలో దాదాపు 60 శాతమే ఉంటుంది. ఇంజనుకు దహనానికి అందే గాలీ, రెక్కలను పైకి ఎత్తే గాలీ రెండూ పలచబడతాయి. శక్తి చాలని ఇంజనుతో, బాంబుల బరువుతో డీహెచ్ 9 ఆ ఎత్తుకు చేరలేక, శత్రువు యుద్ధవిమానాలు సులభంగా అందుకునే ఎత్తులోనే ఎగరవలసివచ్చి, బాగా నష్టపోయింది.

కావలసింది మరింత శక్తిగల ఇంజను. తగినదిగా అందరూ భావించిన రోల్స్ రాయిస్ ఈగిల్ ఇంజనుకు గిరాకీ మరీ ఎక్కువగా ఉండి, అది చాలినన్ని దొరకలేదు. ఆ సమయంలో అమెరికా నుంచి లిబర్టీ ఇంజను వచ్చింది. ప్యాకార్డ్ సంస్థ ఇంజనీరు జెస్సీ విన్సెంట్, హాల్-స్కాట్ సంస్థ ఇంజనీరు ఎల్బర్ట్ హాల్ 1917 వేసవిలో వాషింగ్టన్‌లోని ఒక హోటల్ గదిలో కూర్చుని కొద్దిరోజుల్లోనే గీసిన నమూనా అది: రెండు వరుసల్లో పన్నెండు సిలిండర్లు, నీటితో చల్లబడే పద్ధతి, 400 అశ్వశక్తి. కార్ల కర్మాగారాలు ఒకే కొలతల విడిభాగాలను వేలసంఖ్యలో తయారుచేసేందుకు వీలుగా దాన్ని రూపొందించారు. ఫోర్డ్ కర్మాగారం ఉక్కు గొట్టాలనుంచే సిలిండర్లు మలచే పద్ధతి కనిపెట్టి తయారీని వేగిరపరిచింది. ఇంజను మారితే విమానమంతా మారక తప్పదు. ఎయిర్‌కో వేరే పనుల్లో మునిగి ఉండడంతో ఆ మార్పుల బాధ్యత యోవిల్ పట్టణంలోని వెస్ట్‌లాండ్ కర్మాగారానికి వెళ్లింది. అక్కడివారు రెక్కల పొడవు 14 మీటర్లకు పెంచారు, దేహంలో ప్లైవుడ్ అడ్డుగోడల స్థానంలో ఉక్కు తీగల బిగింపు పెట్టారు, ముక్కు భాగాన పెద్ద రేడియేటర్ అమర్చారు. వెస్ట్‌లాండ్ చేసిన ఈ పనికి దక్కవలసినంత పేరు దక్కలేదనే చెప్పాలి. విమానం పేరులో డి హావిలాండ్ అక్షరాలు మిగిలాయిగాని, దాన్ని యుద్ధానికి పనికివచ్చేలా చేసింది యోవిల్ పనివారే.

దాని ఆయుధాల్లో ఒకటి వివరంగా చెప్పుకోదగినది. పైలట్ ముందు బిగించిన వికర్స్ మరతుపాకి, గిరగిర తిరిగే ప్రొపెల్లర్ రేకుల మధ్యనుంచే కాల్చాలి; గుండు ఒక్కటి రేకుకు తగిలినా విమానం కూలే ప్రమాదముంది. ఈ చిక్కును రుమేనియాకు చెందిన ఇంజనీరు జార్జ్ కాన్‌స్టాంటినెస్కో తీర్చాడు. నూనె నింపిన సన్నని గొట్టంలో ఇంజను తిరిగే లెక్కకు అనుగుణంగా ఒత్తిడి తరంగాలు పంపి, రేకు అడ్డు తొలగిన క్షణంలోనే తుపాకి పేలేలా చేశాడు. వెనుక పరిశీలకుడికి లూయిస్ మరతుపాకి ఉండేది. దాన్ని చుట్టూ తిరిగే ఇనుప వలయానికి బిగించడంవల్ల అతడు లేచి నిలబడి ఏ దిక్కుకైనా గురిపెట్టగలిగేవాడు. పైకప్పు లేని ఆ గదిలో, ఎముకలు కొరికే చలిలో, గంటకు 160, 170 కిలోమీటర్ల వేగపు గాలిలో నిలబడి కాల్చడమంటే ఎంత కష్టమో ఊహించవచ్చు.

నిజాం విమానాలతో 110వ స్క్వాడ్రన్ 1918 ఆగస్టు చివర ఫ్రాన్స్ చేరి, హ్యూ ట్రెంచర్డ్ నాయకత్వంలోని ‘ఇండిపెండెంట్ ఫోర్స్’లో కలిసింది. భూసైన్యానికి తోడ్పాటుగా కాక శత్రుదేశపు రైల్వే జంక్షన్లు, కర్మాగారాలు, విమానస్థావరాలపై నేరుగా దాడి చేయడానికి ఏర్పడ్డ ప్రత్యేక బలగమిది. డీహెచ్ 9ఏలను మొదట అందుకున్న స్క్వాడ్రన్ 110వదే. ఒక విమానపు తుపాకి చూపు అందని మూలను పక్క విమానపు తుపాకి కాచేలా, దగ్గరదగ్గరగా గుంపు కట్టి వెళ్లడం వీరి రక్షణ. గుంపు చెదిరితే ఆ రక్షణ పోతుంది. ఇంజను మొరాయించి వెనుకబడ్డ విమానం దాదాపు చేజారినట్టే. మన్‌హైమ్, ఫ్రాంక్‌ఫర్ట్, కైజర్స్‌లౌటర్న్ దాడుల్లో స్క్వాడ్రన్ ఈ మూల్యం చెల్లించింది. అక్టోబరు 21న కొలోన్ లక్ష్యంగా బయలుదేరి మబ్బుల్లో చిక్కుకున్న రోజున ఏడు విమానాలు తిరిగి రాలేదు. యుద్ధం ముగిసేనాటికి ఈ స్క్వాడ్రన్ దాదాపు పదిన్నర టన్నుల బాంబులు వేయగా, శత్రువు చేతిలో 17 విమానాలు పోగొట్టుకుంది. మరో 28 ప్రమాదాల్లో దెబ్బతిన్నాయి. పోయిన ఒక్కో విమానం ఇద్దరు యువకుల మరణమో చెరో అయినప్పుడు, ఆ పదిన్నర టన్నుల వల్ల సాధించినదానికి ఈ నష్టం చాలా ఎక్కువ.

చెరచిక్కిన వాటిలో ఎఫ్ 1010 సంఖ్యగల విమానం ఒకటి. ‘హైదరాబాదు 12ఏ’ అని రాసి ఉన్న ఈ విమానం 1918 అక్టోబరు 5న జర్మన్ల వశమైంది. కెప్టెన్ ఇంగ్లిస్, అతని పరిశీలకుడు బాడ్లీ ఖైదీలయ్యారు. జర్మన్లు దాన్ని బెర్లిన్‌లోని విమాన ప్రదర్శనశాలలో ఉంచారు. రెండవ ప్రపంచయుద్ధంలో బెర్లిన్‌పై బాంబులు పడుతున్నప్పుడు ఆ సేకరణను తూర్పుకు తరలించగా, యుద్ధానంతరం అది పోలండ్ సొత్తయి క్రాకో చేరింది. 1977లో బ్రిటన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం ఒక స్పిట్‌ఫైర్‌ను బదులిచ్చి దాన్ని తెచ్చుకుంది. ఆ తరానికి చెందిన బాంబర్లు ప్రపంచంలో వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్నే మిగిలాయి. వాటిలో ఒకటి హైదరాబాదు పేరుతో ఉంది. 110వ స్క్వాడ్రన్ పేరులోనూ ఆ పదం నిలిచి, 1939 సెప్టెంబరు 4న జర్మన్ యుద్ధనౌకలపై బ్రిటన్ జరిపిన తొలి వైమానిక దాడిలో ‘హైదరాబాదు’ స్క్వాడ్రన్ బ్లెన్‌హైమ్ బాంబర్లతో పాల్గొంది. ఆ తరువాత బర్మా రంగంలోనూ పోరాడింది.

డీహెచ్ 9ఏ రష్యా అంతర్యుద్ధంలో బోల్షెవిక్కుల మీద వాడబడింది. వారి చేతికి చిక్కిన విమానాలను చూసి సోవియట్ యూనియన్ ఆర్-1 అనే పేరుతో నకలు చేసి, రెండు వేలకు పైగా నిర్మించింది. పుట్టిన దేశంలో కంటే శత్రువు కర్మాగారంలోనే ఆ విమానం ఎక్కువ సంఖ్యలో తయారైందన్న మాట.

బ్రిటిష్ పాలకులు 1921లో కైరోలో జరిపిన సమావేశం తరువాత ఇరాక్ రక్షణభారం విమానదళానికి అప్పగించినప్పుడు డీహెచ్ 9ఏ కొత్త అవతారమెత్తింది. ఎండకు లిబర్టీ ఇంజను వేడెక్కకుండా ముక్కు కింద అదనపు రేడియేటర్ బిగించి, ఎడారిలో దిగవలసివస్తే పనికివచ్చేలా పక్కన అదనపు చక్రం కట్టి, నీళ్లు, పడకలు, పనిముట్లు వేలాడదీసిన ఆ విమానం బాంబరులా కాక సంచారి బండిలా కనిపించేది. కైరో నుంచి బాగ్దాదుకు టపా మోసే పైలట్లకు ఎడారిలో దారి తప్పకుండా నాగలిచాలు తీసి గుర్తు పెట్టారు. వందల కిలోమీటర్లు ఆ చాలు వెంటే ఎగిరేవారు.

ఈ రూపంలోనే అది చేసిన పనిని మాత్రం నిష్ఠూరమైనా చెప్పుకోవాలి. ‘వైమానిక నియంత్రణ’ అని పాలకులు పేరు పెట్టిన విధానం సారాంశం, పటాలాలను పంపితే అయ్యే ఖర్చు లేకుండా, మాట వినని తెగల ఊళ్లపై కరపత్రాలతో హెచ్చరించి, గడువు దాటాక బాంబులు వేయడం. పన్ను చెల్లించని తెగల మీద కూడా దీన్ని ప్రయోగించారు. కరువుకాలంలో శిస్తు బకాయికి ఎద్దులనూ ఇంటిసామానునూ జప్తు చేసి వేలం వేయడం చూసిన రాయలసీమవారికి ఇక్కడ పోలిక తేలిగ్గా అర్థమవుతుంది. ఇరాక్‌లో ఆ జప్తు ఆకాశంనుంచి, ఇల్లూ పొలమూ ఎరగని బాంబు రూపంలో వచ్చింది.

భారత వాయవ్య సరిహద్దులోనూ ఇదే జరిగింది. 1925 మార్చి 9 నుంచి మే 1 వరకు వజీరిస్తాన్ కొండల్లో మెహసూద్ తెగలపై, వింగ్ కమాండర్ రిచర్డ్ పింక్ నాయకత్వంలో, 27, 60 స్క్వాడ్రన్ల డీహెచ్ 9ఏలు, 5వ స్క్వాడ్రన్ బ్రిస్టల్ ఫైటర్లు పాల్గొన్న దాడి విమానదళం చరిత్రలో భూసైన్యం లేకుండా తనంత తాను నడిపిన మొదటి యుద్ధం. పగలూ రాత్రీ వదలకుండా ఎగరడంవల్ల ప్రజలు పొలాలకు వెళ్లలేక, గుహల్లోంచి బయటికి రాలేక, చివరకు రాజీకి వచ్చారు. బ్రిటిష్ పక్షాన ఇద్దరే చనిపోయారు. దీనికిచ్చిన పతకపు పట్టీ 46 మంది అధికారులకూ 214 మంది సైనికులకూ మాత్రమే దక్కింది గనుక పతకాలు సేకరించేవారు దాన్ని అపురూపంగా చూస్తారు. తక్కువ ఖర్చు, తక్కువ ప్రాణనష్టం అని పాలకులు గొప్పగా చెప్పుకున్న ఆ లెక్కలో బాంబుల కింద ఉన్నవారి చిట్టా చేరలేదు. ఈ విమానం గురించి రాసే ఎవరైనా ఆ ఖాళీని గుర్తించి తీరాలి. 1928-29 చలికాలంలో కాబూల్‌లో తిరుగుబాటు చెలరేగినప్పుడు ఇవే విమానాలు నగరంమీద తిరిగి సమాచారం తెచ్చాయి, విదేశీయులు సహా 586 మందిని విక్టోరియా తదితర రవాణా విమానాలు బయటికి చేర్చిన పనికి తోడ్పడ్డాయి.

పదేళ్లు గడిచేసరికి డీహెచ్ 9ఏ పాతబడింది గాని, దాని విడిభాగాలు విమానదళపు గిడ్డంగుల్లో గుట్టలుగా మిగిలాయి. కొత్త బాంబరు కోసం పోటీ పెట్టిన బ్రిటిష్ ప్రభుత్వం, ఆ నిల్వలను వీలైనంతవరకు వాడుకోవాలన్న షరతు పెట్టింది. డీహెచ్ 9ఏను తీర్చిదిద్దిన వెస్ట్‌లాండ్‌కే ఆ పని దక్కి, 1927లో వాపిటీ విమానం వెలువడింది. తొలి వాపిటీలకు తొడిగిన రెక్కలు డీహెచ్ 9ఏవే. 1933 ఏప్రిల్ 1న కరాచీలోని డ్రిగ్ రోడ్ స్థావరంలో భారతీయ విమానదళం తొలి దళం ఏర్పడినప్పుడు దానికి ఇచ్చిన నాలుగు విమానాలూ వాపిటీలే. ఆ దళపు పైలట్లు మొదటిసారి యుద్ధచర్యల్లో పాల్గొన్నది 1937లో, మీరంషా స్థావరంనుంచి, అదే వజీరిస్తాన్ మీద. సొంత దేశం కాని పాలన తరఫున, సొంత శత్రువులు కాని తెగలపై ఎగిరినప్పటికీ, తరువాతి భారత విమానదళానికి నాయకత్వం వహించిన సుబ్రతో ముఖర్జీ వంటివారు తమ విద్య నేర్చుకున్నది ఆ విమానాల్లోనే. రెండవ ప్రపంచయుద్ధంలో మద్రాసునుంచి విశాఖపట్నం వరకు తీరరక్షణ విభాగాలు ఏర్పరచినప్పుడు వాటికి అందిన విమానాల్లోనూ వాపిటీలు ఉన్నాయి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ, కాకినాడలపై బాంబులు వేసేనాటికి వాటిని ఎదిరించే శక్తి ఆ పాత విమానాలకు లేదు, సముద్రంమీద గాలించి నౌకల జాడ చెప్పే పనికే వాటిని వినియోగించారు.